బాపు మధ్యలో లేచిపోయిన సినిమా

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఒక షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. 2060లో హైదరాబాద్, ప్రతి కూడలిలో కెమెరాలు, ప్రభుత్వం నిషేధించిన మాటల జాబితా, ఒక తిరుగుబాటు, అది ఓడిపోవడం, చివరికి హీరోని ట్యాంక్‌బండ్ మీద కాల్చేయడం. మా బాపు 1980ల్లో కాలేజీలో ఉండగా విప్లవ విద్యార్థి సంఘంలో తిరిగి, కొన్నేళ్ళు అజ్ఞాతంలో ఉండి బయటికొచ్చాడు. అంతకు మించి నాకేమీ తెలియదు, ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. పోయిన దసరాకు ఇంటికెళ్ళినప్పుడు ప్రభుత్వం మనుషుల్ని ప్రతిక్షణం గమనించే కథతో జాన్ హర్ట్ నటించిన ‘1984’ సినిమా లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. సగంలో లేచి బయట గద్దె మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగితే "గిట్లుండదు బిడ్డా" అన్నాడు, అంతే. అప్పటి నుంచి ఫోన్‌లో కూడా ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఆయన్ని బాధపెట్టానా? స్క్రిప్ట్ ఆపేయాలా? ఇంకోటి. ఆయన పాత దోస్తులు ఇద్దరు అప్పుడప్పుడూ ఇంటికొస్తారు. ఒకసారి వాళ్ళు మాట్లాడుకుంటుంటే చెప్పకుండా ఫోన్‌లో రికార్డ్ చేశాను. నలభై నిమిషాలుంది, ఇంకా వినలేదు. దాన్ని కథకు వాడుకోవచ్చా?

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ చివరి ప్రశ్న. దానికి తప్పకుండా వస్తాను, కానీ ముందు సినిమా సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే రెండూ ఒకటే సంగతి అని నాకు అనిపిస్తోంది.

బాధపెట్టావా అంటే, కొంత పెట్టే ఉంటావు. ఏ సీన్ దగ్గర లేచాడో నువ్వు రాయలేదు. సగం అంటున్నావు కాబట్టి హీరోని పట్టుకునే చోటో, ఆ తర్వాత గదిలో బల్లకు కట్టి ప్రశ్నలు వేసే చోటో అయ్యుండొచ్చు. పోలీసుల చేతిలో తన దోస్తులకు ఏమైందో తెలిసిన మనిషికి అది పండగ పూట లాప్‌టాప్‌లో చూసే విషయం కాదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "చెప్పకుండా పెట్టిన, తప్పైంది బాపు" అను, సంజాయిషీలేవీ కలపకు. అయితే ఆయన అన్న మాటను మాత్రం వదిలిపెట్టకు. "గిట్లుండదు బిడ్డా" అంటే నాకు అందులో కోపం కన్నా, తెలిసినవాడు తెలియనివాడికి చెప్పిన సలహా వినిపిస్తోంది. నీ స్క్రిప్ట్ చదివి పది మంది దోస్తులు చెప్పే అభిప్రాయాలకంటే ఆ రెండు మాటలు ఎక్కువ పనికొస్తాయి. మరి ఎట్లుంటుంది అన్నది ఇప్పుడు నువ్వు తెలుసుకోవాలి.

నాకు తెలిసింది చెప్తాను. మా చిన్నమామ కూడా అలాగే వెళ్ళి, 1991లో బయటికొచ్చాడు. చిన్న ఊళ్ళో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. వారం వారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి రావాలి. షాపులో ఎప్పుడూ గోడకు వీపు ఆనించి రోడ్డు వైపు తిరిగే కూర్చునేవాడు, పంక్చర్ వేసేటప్పుడు కూడా. ముక్కూ మొహం తెలియనివాడు గాలి కొట్టించుకోవడానికొచ్చి రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే వాడు ఎవరి మనిషో అని రాత్రంతా ఆలోచించేవాడని మా అత్త చెప్పేది. పోలీసులకు ఆయన మీద నమ్మకం లేదు, పాత దోస్తుల్లో కొందరు ఈయనే ఎవరినో పట్టించి వచ్చాడేమో అనుకున్నారు, ఊళ్ళో వాళ్ళేమో రెండు వైపులా భయపడి పెళ్ళిళ్ళకు కూడా సరిగా పిలిచేవాళ్ళు కాదు. ఇంట్లో ఏదైనా ముఖ్యమైన మాట మాట్లాడాలంటే ముందు రేడియో సౌండ్ పెంచేవాడు. అత్తతో బియ్యం బాకీ గురించి మాట్లాడాలన్నా సరే. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఒక రోజు షాపులో కూర్చుని "మామా, నువ్వు తుపాకీ పట్టుకున్నవా?" అని అడిగాను. నా వైపు ఒకసారి చూసి, లేచి రేడియో పెంచి, మళ్ళీ రిమ్ము తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత నేనింకేమీ అడగలేదు. ఆ తర్వాత నేనింకేమీ అడగలేదు. ఆ రేడియో గురించి అడిగి ఉండాల్సింది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఫిల్మ్ క్లబ్‌లో చెక్ సినిమా ఒకటి చూస్తూ ఒక్కసారిగా మామ గుర్తొచ్చి ఏడుపు ఆపుకోలేకపోయాను. దాని పేరు ‘ఉఖొ’, అంటే చెవి. నీకు ఈ సినిమా గురించి, అది పుట్టిన చోటు గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఓపిగ్గా చదువు.

1968 జనవరిలో చెకొస్లొవేకియాలో అలెగ్జాండర్ దుబ్‌చెక్ కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి అయ్యాడు. సెన్సార్ ఎత్తేశారు, పేపర్లు నోరు విప్పాయి, 1950ల నాటి తప్పుడు కేసుల గురించి, ఉరిశిక్షల గురించి జనం బాహాటంగా మాట్లాడుకున్నారు. మానవ ముఖం ఉన్న సోషలిజం అన్నారు దాన్ని. ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్ర దేశాల సైన్యాలు సరిహద్దులు దాటి వచ్చాయి, తెల్లారేసరికి ప్రాగ్ వీధుల్లో ట్యాంకులున్నాయి. తర్వాతి జనవరిలో యాన్ పలఖ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి నగరం నడిబొడ్డున ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో దుబ్‌చెక్‌ను దించి హుసాక్‌ను కూర్చోబెట్టారు. ఇదంతా నీ స్క్రిప్ట్‌లాంటి సినిమాకు సరిపోయే సరుకే, ట్యాంకులు, మంటలు, జనం.

కానీ నిన్ను చూడమంటున్నది ఆ తర్వాతి ఇరవై ఏళ్ళను. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నార్మలైజేషన్’, అంటే అంతా మామూలు స్థితికి తేవడం. ఎలా తెచ్చారంటే, 1970లో పార్టీ సభ్యుల్ని ఒక్కొక్కరిని ఒక కమిటీ ముందు కూర్చోబెట్టి, సైన్యాలు వచ్చింది ఆక్రమణకా లేక సోదర సహాయానికా అని అడిగారు. సోదర సహాయమే అని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది. మూడు లక్షల మందికి పైగా పార్టీ నుంచి పోయారు. ఒప్పుకోనివాళ్ళలో ప్రొఫెసర్లు బాయిలర్లలో బొగ్గు వేశారు, జర్నలిస్టులు కిటికీలు తుడిచారు, వాళ్ళ పిల్లలకు యూనివర్సిటీలో సీట్లు దొరకలేదు. దుబ్‌చెక్ అంతటివాడు స్లొవేకియాలో అటవీ శాఖలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ బతికాడు, వెనకాల ఎప్పుడూ నిఘా. పెద్దగా రక్తపాతం లేదు. ఒక్క సంతకం, ఒక్క మాట అడిగేవాళ్ళు, ఆ మాట అన్నవాడు ఇంటికొచ్చి భార్యాపిల్లల మొహం చూడాలి, అననివాడు కూడా ఇంటికొచ్చి అదే భార్యాపిల్లల మొహం చూడాలి. మీ బాపు గిట్లుండదు అన్నప్పుడు ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, మా మామ జీవితాన్ని బట్టి చూస్తే నాకు ఇదే తోస్తుంది.

ఇక ‘ఉఖొ’. ట్యాంకులొచ్చిన మరుసటి ఏడాది తీయడం మొదలుపెట్టి 1970లో పూర్తి చేశారు, దర్శకుడు కారెల్ కఖీన్యా, రచయిత యాన్ ప్రొఖాజ్కా. కథ 1950ల్లో ఒక్క రాత్రి. లుద్విక్ అనే ఉప మంత్రి, అతని భార్య ఆనా సర్కారు విందు నుంచి ఇంటికొస్తారు. ఆమె బాగా తాగి ఉంది. తాళంచెవులు కనబడవు, ఇంట్లో కరెంటు లేదు, ఫోన్ పనిచేయదు, బయట చీకట్లో కారేదో ఆగి ఉంది. తన పై మంత్రిని అరెస్టు చేశారని విందులోనే విన్నాడు. ఇక ఈ రాత్రి తన వంతు అనుకుని కొవ్వొత్తి వెలుతురులో కాగితాలన్నీ వెతికి బాత్రూములో కాల్చేస్తుంటాడు, మధ్యమధ్యలో విందులో ఎవరు తనతో ఎలా మాట్లాడారు, ఎవరు మొహం తిప్పుకున్నారు అని ఒక్కో ముక్కా గుర్తు చేసుకుంటాడు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు కూడా, అతనికి గుర్తే లేదు. ఇంట్లో ఎక్కడ మాట్లాడితే ‘చెవి’కి, అంటే సర్కారు దాచిపెట్టిన మైకులకు, వినపడుతుందో, ఎక్కడ వినపడదో ఆ ఇద్దరికీ ఒక లెక్క ఉంది. పోట్లాడుకునేది కూడా ఆ లెక్క చూసుకునే. చివర్లో ఆ లెక్క తప్పని తెలుస్తుంది. తెల్లారుతుంది, ఫోన్ మోగుతుంది, అరెస్టు చేయడానికి కాదు, కొత్త మంత్రివి నువ్వే అని చెప్పడానికి. ఆనా భయంగా ఉందంటుంది. సినిమా అయిపోతుంది.

అరెస్టు జరిగి ఉంటే మనం ఊపిరి పీల్చుకునేవాళ్ళం, చూడు. హీరో పోయాడు, కన్నీళ్ళొచ్చాయి, లేచి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఆ సదుపాయం లేదు. ఆ ఇద్దరూ ఆ ఇంట్లోనే, ఆ చెవి మధ్యనే, పై పదవితో బతకాలి.

సినిమాను ఒక్క హాల్లో కూడా ఆడనివ్వలేదు, పెట్టెలో పెట్టి తాళం వేశారు. అయితే అసలు దారుణం సినిమా బయట జరిగింది. యాన్ ప్రొఖాజ్కా పార్టీ కేంద్ర కమిటీ దాకా వెళ్ళినవాడు, లోపలి సంగతులు తెలిసి రాసినవాడు. 1968లో సంస్కరణల వైపు గట్టిగా నిలబడ్డాడు. ఆయన ఒక ప్రొఫెసర్ మిత్రుడి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న మాటల్ని రహస్య పోలీసులు ముందే రికార్డ్ చేసి పెట్టుకున్నారు. 1970 ఏప్రిల్‌లో ఆ టేపుల్ని కత్తిరించి, అతికించి, ప్రభుత్వ టీవీలో దేశమంతటికీ వినిపించారు. మనం దోస్తుల దగ్గర ఎన్ని మాటలంటాం చెప్పు, తోటివాళ్ళ మీద విసుగు, వెటకారం, బూతులు. ఆ మాటలన్నీ జనం మధ్య పరిచి, మీరు నెత్తిన పెట్టుకున్న మనిషి వెనకాల ఇలా మాట్లాడతాడు చూడండి అన్నారు. 1971 ఫిబ్రవరిలో, 42 ఏళ్ళకే, క్యాన్సర్‌తో పోయాడు. గోడలోని చెవి గురించి సినిమా రాసిన మనిషికి ఆ చెవే ఎదురైంది.

నీ ఫోన్‌లోని ఆ నలభై నిమిషాల గురించి నేనెందుకు కంగారు పడుతున్నానో ఇప్పటికే నీకు అర్థమై ఉంటుంది.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి, ఆయనంటే నాకు చాలా ఇష్టం. 1966లో యాన్ న్యెమెత్స్ తీసిన ఒక సినిమాలో కొందరు మిత్రులు అడవిలో విహారానికి వెళ్తే, ఒక పెద్దమనిషి మర్యాదగా, కొంచెం బలవంతంగా వాళ్ళను తన విందుకు కూర్చోబెడతాడు. అందరూ నవ్వుతూ సర్దుకుపోతారు. ఒక్కడు మాత్రం ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోతాడు. అతన్ని వెతికి తేవడానికి కుక్కతో వేట మొదలవుతుంది, ఆ వేటకు అతని మిత్రులే బయల్దేరతారు. లేచి వెళ్ళిపోయే ఆ అతిథి వేషం వేసింది ఎవాల్డ్ షోర్మ్, తనూ దర్శకుడే. 1968 తర్వాత ఆయన తలవంచలేదు. దాదాపు రెండు దశాబ్దాలు ఫీచర్ సినిమా చేయనివ్వలేదు, నాటకాలు, ఒపెరాలు చేసుకున్నాడు. 1988 డిసెంబర్‌లో పోయాడు. ఆ ప్రభుత్వం కూలడానికి ఇంకా ఏడాది కూడా లేదు. మీ బాపు సగంలో లేచి గద్దె మీదికి వెళ్ళాడని చదవగానే నాకు ఆ వేషంలో ఉన్న షోర్మ్ మొహం కళ్ళ ముందుకొచ్చింది.

ఇప్పుడు నీ 2060 సంగతి. ‘ఉఖొ’ తీసింది 1969, 70 ప్రాంతంలో, కథ మాత్రం 1950ల్లో జరుగుతుంది. అదే 1969లో యిర్జీ మెంజెల్ తీసిన ‘దారం మీద లార్క్ పిట్టలు’ (Larks on a String) కూడా 1950ల కథే. పాత ఇనుము డంపులో శిక్షగా పనిచేసే మనుషులు, అందులో సాక్సఫోన్ బూర్జువా వాద్యం కాబట్టి వచ్చిన ఒక కళాకారుడు, నిందితుడికి తన వాదన చెప్పుకునే హక్కుందన్నందుకు వచ్చిన ఒక ప్రాసిక్యూటర్. ప్రశ్న అడిగినవాళ్ళు ఒక్కొక్కరూ మాయమవుతుంటారు, అయినా ఆ తుప్పు మధ్యలోనే ఒక ప్రేమ, ఒక పెళ్ళి. దాన్నీ ఆపేశారు, 1990లో బయటికొచ్చి బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలుచుకుంది. పోలండ్‌లో రిషార్డ్ బుగాయ్‌స్కీ తీసిన ‘ఇంటరాగేషన్’ కూడా స్టాలిన్ కాలంలో అరెస్టయిన ఒక గాయని కథ. 1981 డిసెంబర్ 13న కార్మికుల సాలిడారిటీ ఉద్యమాన్ని అణచడానికి అక్కడ సైనిక పాలన పెట్టాక ఆ సినిమానూ నిషేధిస్తే, దొంగ వీడియో క్యాసెట్లలో చేతులు మారుతూ బతికింది. 1990 కాన్ చిత్రోత్సవం పోటీలో ‘ఉఖొ’, ‘ఇంటరాగేషన్’ రెండూ ఉన్నాయి, ‘ఇంటరాగేషన్’లో ఆ గాయనిగా నటించిన క్రిస్టినా యాండాకు ఉత్తమ నటి అవార్డు వచ్చింది. వీళ్ళెవరూ భవిష్యత్తులోకి వెళ్ళలేదు, గమనించావా. ఓడిపోయిన చోట నిలబడి, ఇరవై, ముప్పై ఏళ్ళు వెనక్కి చూశారు. వాళ్ళకు ఆ గదుల్లో కుర్చీ ఎక్కడుంటుందో, ఫోన్ ఎక్కడుంటుందో తెలుసు. నీకు 2060 గురించి ఏం తెలుసు తమ్ముడూ? కెమెరాలు, నిషేధించిన మాటలు, కాల్చేయడం, ఇవన్నీ నువ్వు చూసిన సినిమాల నుంచే వచ్చాయి. నీకు బాగా తెలిసినవి వేరే ఉన్నాయి. ఎవరూ ఆ మాట ఎత్తని ఒక ఇల్లు, అప్పుడప్పుడూ వచ్చే ఇద్దరు దోస్తులు, వాళ్ళొచ్చినప్పుడు అమ్మ టీ పెట్టి లోపలికి వెళ్ళిపోవడం (వెళ్ళిపోతుందని నా ఊహ, అవునో కాదో నువ్వే చెప్పాలి).

మన తెలుగు సినిమాలో ఈ చోటు దాదాపు ఖాళీగా ఉందని నాకు ఎప్పటి నుంచో బాధ. 1981 ‘ఎర్ర మల్లెలు’ నుంచి ఆర్. నారాయణమూర్తి గారి సినిమాల దాకా ఎర్ర జెండా సినిమాలు మనం బోలెడు చూశాం, చప్పట్లు కొట్టాం, పాటలు ఇప్పటికీ పాడుకుంటాం. వాటిలో ఎక్కువ భాగం తిరగబడటంతోనో అమరుడవడంతోనో ముగుస్తాయి. అమరుడికి ఊళ్ళో స్థూపం ఉంటుంది, పాట ఉంటుంది. తిరిగొచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నవాడికి ఏముంది? 1951 అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించినప్పుడు కూడా ఎంతోమంది అడవుల నుంచి, జైళ్ళ నుంచి ఇళ్ళకు వచ్చి ఉంటారు కదా, ఆ మొదటి రాత్రి తలుపు ఎవరు తీశారు, ఏం పెట్టారు తినడానికి, అన్నది తెర మీద చూసిన గుర్తు నాకు లేదు.

ఇక్కడొక జాగ్రత్త. 1989 నవంబర్‌లో ప్రాగ్ వీధులు మళ్ళీ నిండాయి, దుబ్‌చెక్ బాల్కనీలో నిలబడి జనానికి చేతులూపాడు, ఆపేసిన సినిమాలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. చదవడానికి చాలా బాగుంటుంది. దాన్ని చూపించి మీ బాపుతో "చూసినవా, ఎప్పటికైనా గెలుస్తం" అని మాత్రం అనకు. పలఖ్ చూడలేదు, ప్రొఖాజ్కా చూడలేదు, షోర్మ్ చూడలేదు. పైగా వాళ్ళు తిరగబడింది కమ్యూనిస్టు ప్రభుత్వాల మీద, మీ బాపు ఏ జెండా పట్టుకుని వెళ్ళాడో నీకు తెలుసు. ప్రాగ్ కథ ఆయనకు ఓదార్పు కాకపోవచ్చు, ఇంకో గాయం కావచ్చు. ఆ సినిమాలు నువ్వు చూడు. ఆయనకు చూపించాలా వద్దా అన్నది ఆయన అడిగితే చూద్దాం.

స్క్రిప్ట్ ఆపొద్దు. ట్యాంక్‌బండ్ మీద కాల్చేసే సీన్ పక్కన పెట్టి, బయటికొచ్చిన మనిషి ఇంట్లో ఒక్క రాత్రి రాయి. కరెంటు పోయిన రాత్రి, ఎవరో తలుపు కొట్టారు. నీకు ఖర్చు కూడా తక్కువ.

బాపుని అడగాలా అంటే, అడుగు, కానీ ఎందుకు పోయినవు, ఎందుకు వచ్చినవు, ఎవరిని చూసినవు అని అడగకు. అవి స్టేషన్లో అడిగిన ప్రశ్నలే అయ్యుంటాయి, కొడుకు నోట మళ్ళీ వినాల్సిన పని లేదు. బయటికొచ్చిన కొత్తలో పొద్దున లేచి ఏం చేసేవాడు, మొదటి పని ఎవరిచ్చారు, ఎవరు పలకరించారు, అమ్మ ఎలా ఒప్పుకుంది, ఇలాంటివి అడుగు. పక్కన కూర్చుని ఏదైనా పని చేస్తూ అడిగితే ఇంకా మంచిది, మొహం మొహం చూస్తూ కూర్చుంటే విచారణలా ఉంటుంది. చెప్పకపోతే ఊరుకో. చెప్పినా, అందులో బతికున్నవాళ్ళ పేర్లుంటాయి, ఊళ్ళుంటాయి, అవి నీ కథలోకి రాకూడదు, రాసింది ముందు ఆయనకు చూపించి, తీసేయమన్నది తీసేయి. పెద్ద కథ పోతుందేమో అనిపిస్తుంది, పోనీ.

ఇక ఆ రికార్డింగ్. వాడుకోవద్దు, వినొద్దు, ఈ రాత్రే తీసేయి. ఫోన్లో డిలీట్ చేశాక కూడా కొన్ని రోజులు ట్రాష్‌లో ఉంటుంది, అక్కడ్నుంచి కూడా తీసేయి, క్లౌడ్‌లోకి బ్యాకప్ అయిందేమో చూడు. నీ ఉద్దేశం మంచిదే, నాన్న గొంతు దాచుకోవాలనిపించింది, నాకు అర్థమవుతుంది, మా మామ గొంతు నా దగ్గర లేదని నేను ఇప్పటికీ బాధపడతాను. అయినా సరే. ముప్పై ఏళ్ళు గోడలకు భయపడి బతికిన ముగ్గురు మనుషులు ఆ ఒక్క గదిలో గొంతు విప్పి మాట్లాడుకుంటున్నారు.

తీసేశాక ఆయనకు చెప్పాలా అని అడుగుతావు. చెప్పాలి, ఫోన్లో కాదు, ఎదురుగా వెళ్ళి. కోప్పడతాడు, కొన్నాళ్ళు ఆ దోస్తులు రావడం మానేస్తారేమో కూడా. ఈ శనివారం బస్సెక్కు. గద్దె మీద ఆయన పక్కన కూర్చుని, ఫోన్ లోపలే వదిలేసి వచ్చి, చెప్పు.